నాన్న టెంట్‌హౌస్ లెక్కలకి డేటాబేస్ కట్టాలి, ఎక్కడ మొదలెట్టాలి?

గోదారి_గట్టు
తణుకు దగ్గర పల్లెటూళ్లో మాకు టెంట్‌హౌస్ ఉంది. షామియానాలు, కుర్చీలు, గుండిగలు, గరిటెలు, జంపఖానాలు, ఒక జనరేటర్. నాన్న 22 ఏళ్లు నోటుబుక్కుల మీదే నడిపారు. రెండేళ్ల కిందట నేను తెలివి ప్రదర్శించి అంతా ఎక్సెల్‌లోకి మార్చాను. ఇప్పుడు అది నా మెడకే చుట్టుకుంది.

మొన్న మాఘమాసంలో ఒకే రోజుకి ఇద్దరికి మాటిచ్చేశాం. మాకున్నవి 500 కుర్చీలు. ఒకరికి 350, ఇంకొకరికి 300. పక్కూరి టెంట్‌హౌస్ ఆయన్ని బతిమాలి 150 తెచ్చుకున్నాం. వచ్చిన లాభం ట్రక్కు ఆటో కిరాయికి సరిపోయింది.

షీట్లో ఒక వరుస ఇలా ఉంటుంది: తేదీ, పేరు, ఊరు, ఫోను, సామాన్లు, మొత్తం, అడ్వాన్సు, బాకీ. ఆ సామాన్ల గడిలో "కుర్చీలు 200, పె.గుండిగ 3, గరిటెలు 6, జంపఖానా 4" అని ఒకే ముక్కగా రాసుంటుంది. ఫలానా రోజున ఎన్ని కుర్చీలు బయట ఉన్నాయో ఇందులోంచి ఎలా తీసేది?

డిగ్రీలో డీబీఎంఎస్ (డేటాబేస్ పాఠం) చదివాను. నార్మల్ ఫారాల (టేబుళ్లు ఎలా విడగొట్టాలో చెప్పే నియమాలు) నిర్వచనాలు నిద్రలో లేపి అడిగినా చెప్తాను. ఖాళీ కాగితం ముందు కూర్చుంటే మాత్రం ఒక్క టేబులూ తట్టట్లేదు. ఏ సాఫ్ట్‌వేర్ వేసుకోమంటారు?

పివట్_ప్రసాదం
టెంట్‌హౌస్‌కి డేటాబేస్ ఎందుకు బాసూ, పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం. సామాన్లు ఒకే గడిలో కాకుండా సామాను1, సంఖ్య1, సామాను2, సంఖ్య2 అని కాలమ్స్ పెట్టుకో. ఫిల్టర్ వేస్తే అయిపోయె.

సింధూర_రేఖ
ప్రసాదం గారూ, సామాను12 దాకా పెట్టాక పదమూడో వస్తువు అడిగిన పెళ్లివారు వస్తారు. పైగా "కుర్చీలు ఎన్ని" అనడిగితే పన్నెండు కాలమ్స్ వెతకాలి, కుర్చీలు ఎవరికి ఏ కాలమ్‌లో పడ్డాయో తెలీదు కాబట్టి. ఒకే గడిలో కుక్కినా, పన్నెండు గళ్లలో పరిచినా జబ్బు ఒకటే. గోదారి నిద్రలో చెప్పగలనన్న మొదటి నార్మల్ ఫారం (ఒక గడిలో ఒకే విలువ, ఒకేరకం గళ్లు మళ్లీ మళ్లీ వద్దు) ఇక్కడే పనికొస్తుంది.

గోదారి_గట్టు
పరీక్షలో "అటామిక్ వాల్యూస్" అని రాసి రెండు మార్కులు తెచ్చుకున్నాను. అది ఈ గడి గురించేనని ఇప్పుడే తెలిసింది.

డాక్యుమెంట్_దాసు
2020 దాటినా ఇంకా టేబుళ్లేనా? మోంగోడీబీ అనే డాక్యుమెంట్ డేటాబేస్ వేసుకో. ఒక బుకింగ్, ఒక డాక్యుమెంట్. లోపల సామాన్ల జాబితా ఎంత పొడుగైనా పెట్టుకోవచ్చు. స్కీమా (ఏ గడిలో ఏముండాలో ముందే గీసుకునే నమూనా) గొడవ లేదు.

పాత_ఫాక్స్‌ప్రో
దాసూ, స్కీమా లేకపోవడమే కదా వాళ్లకి వచ్చిన తిప్పలు! ఎక్సెల్ షీటుకీ స్కీమా లేదు.

గోదారి తమ్ముడూ, సాఫ్ట్‌వేర్ తర్వాత. నేను 1993లో రైస్‌మిల్లులకి ఫాక్స్‌ప్రో అనే పాత డేటాబేస్‌లో లెక్కలు రాసి పెట్టేవాణ్ణి. కంప్యూటర్ ఆన్ చేసే ముందు రెండ్రోజులు గుమాస్తా పక్కన స్టూలేసుకుని కూర్చునేవాణ్ణి. ఆయన ఏ పుస్తకంలో ఏం రాస్తాడు, ఏది చూసి ఏది కొడతాడు, యజమాని వచ్చి ఏమడుగుతాడు. డిజైన్ అంతా అక్కడే బయటపడేది. నువ్వూ మీ నాన్నగారి నోటుబుక్కు ఒకటి తీసి, ఒక పెళ్లి బుకింగ్ మొదట్నుంచి చివరిదాకా ఆయన ఎలా రాశారో ఇక్కడ పెట్టు.

గోదారి_గట్టు
తీశాను అన్నా. పేరు మార్చి రాస్తున్నా.

ఎడమ పేజీ పైన: "సుబ్బారావు గారు, కొత్తపల్లి, పెద్దమ్మాయి పెళ్లి." కింద ఫోను. ఆ కింద సామాన్లు ఒక్కో గీతకి ఒకటి, సంఖ్య, రేటు. కుడి పేజీలో డబ్బులు: 2000 అడ్వాన్సు (బావమరిది చేతికి), 5000, ఇంకా 3400. తిరిగొచ్చిన సామాను పక్కన టిక్కు. గరిటెల పక్కన టిక్కు లేదు, "4 వచ్చె, 2 రావాలి" అని ఎర్ర పెన్ను. చివర్లో "గుండిగ నం.7 సొట్ట, 300".

గుండిగలకి నాన్న నంబర్లు కొట్టించారు. కుర్చీలకి మాత్రం వెనకాల మా ఇంటిపేరు మొదటి అక్షరం పెయింట్ ఉంటుంది అంతే.

సింధూర_రేఖ
మీ నాన్నగారు డేటాబేస్ డిజైనరండీ, ఆయనకి తెలీదు. ఆయన గీతకి ఒక వస్తువు రాశారు. మీరు ఎక్సెల్‌లోకి మార్చేటప్పుడు ఆ గీతలన్నీ ఒకే గడిలో పోశారు. డబ్బులు ఎప్పుడెప్పుడు వచ్చాయో విడిగా రాశారు, మీరు "అడ్వాన్సు" అనే ఒక్క కాలమ్ చేసేశారు.

ఆ రెండు పేజీల్లో నాకు కనిపిస్తున్న టేబుళ్లు:

కస్టమర్లు: కస్టమర్ నంబరు, పేరు, ఊరు, ఫోను
సామాన్లు: సామాను నంబరు, పేరు, మొత్తం ఎన్ని, ఇప్పటి రేటు
బుకింగులు: బుకింగ్ నంబరు, కస్టమర్ నంబరు, సందర్భం, వెళ్లే తేదీ, వచ్చే తేదీ
బుకింగ్ సామాన్లు: బుకింగ్ నంబరు, సామాను నంబరు, ఎన్ని, ఏ రేటుకి, ఎన్ని తిరిగొచ్చాయి
చెల్లింపులు: చెల్లింపు నంబరు, బుకింగ్ నంబరు, తేదీ, ఎంత, ఎవరి చేతికి

నాలుగోది అసలు కీలకం. ఒక బుకింగ్‌లో చాలా సామాన్లు, ఒక సామాను చాలా బుకింగుల్లో. ఇలాంటి జోడీ వస్తే రెండింటి మధ్య వంతెనలా ఇంకో టేబుల్ పడాల్సిందే, వేరే దారి లేదు. అందులో బుకింగ్ నంబరు, సామాను నంబరు రెండూ కలిస్తేనే ప్రైమరీ కీ, అంటే ఒక్కో వరుసని విడిగా గుర్తుపట్టించేది.

సగం_చదివినోడు
రిలేషనల్ అంటే టేబుళ్ల మధ్య సంబంధాలు కుదర్చడం అన్నమాట. మా పెద్దమ్మ ముప్పై ఏళ్లుగా ఇదే పని చేస్తోంది, కంప్యూటర్ లేకుండా.

కాలమ్_ఏడు
జోకు బాగుంది, అర్థం తప్పు. చాలా మంది లెక్చరర్లు కూడా ఇలాగే చెప్తారు. రిలేషన్ అంటే టేబుళ్ల మధ్య గీత కాదు, టేబులే రిలేషన్. గణితంలో సెట్లు చదివినప్పుడు వచ్చే రిలేషన్ అది. ఐబీఎం శాన్‌హోసే ప్రయోగశాలలో పనిచేసిన ఎడ్గర్ కాడ్ 1970లో రాసిన వ్యాసంలో వాడిన మాట. టేబుళ్ల మధ్య గీతల్ని రిలేషన్‌షిప్ అనడం పీటర్ చెన్ 1976లో తెచ్చిన ఈఆర్ మోడల్ (వస్తువుల్నీ వాటి మధ్య సంబంధాల్నీ బొమ్మగా గీసే పద్ధతి) వల్ల బాగా వాడుకలోకి వచ్చింది. రెండూ కలిసిపోయి అందరికీ ఈ గందరగోళం.

సగం_చదివినోడు
అంటే "సంబంధం వచ్చింది" అంటే టేబుల్ వచ్చిందనే. అరటాకులు వెయ్యండి.

ఓరుగల్లు_పిల్ల
😂 నాకు రేపు ఇంటర్నల్, నవ్వించకండి. కాలమ్ గారూ, కాడ్ కన్నా ముందు ఏం వాడేవారు? మా సిలబస్‌లో "హైరార్కికల్, నెట్‌వర్క్" అని రెండు లైన్లు ఉన్నాయి, బట్టీ కొట్టడమే.

కాలమ్_ఏడు
హైరార్కికల్ అంటే చెట్టు ఆకారం. ఐబీఎం వాళ్ల ఐఎంఎస్ అని అలాంటి డేటాబేస్ ఒకటుంది, 1960లలో అపోలో కార్యక్రమం కోసం మొదలైంది. రాకెట్‌లో లక్షల విడిభాగాలు. ఏ భాగం దేనిలో ఇమిడి ఉంటుందో చెట్టులా పెట్టారు, పైనుంచి కిందికి దిగాలి. మన టెంట్‌హౌస్‌నే అలా కడితే: కస్టమర్ కింద బుకింగులు, బుకింగ్ కింద సామాన్లు. "సుబ్బారావు ఏం తీసుకెళ్లాడు" అంటే వెంటనే వస్తుంది. "గుండిగ నం.7 ఎవరి దగ్గరుంది" అంటే? అందరు కస్టమర్ల కిందికీ దిగి చూడాలి. చెట్టు ఏ ప్రశ్న కోసం కట్టారో ఆ ప్రశ్నకే సులువు. పైగా చెట్టు ఆకారం మారిస్తే దాని మీద రాసిన ప్రోగ్రాములన్నీ మార్చుకోవాలి.

కాడ్ అన్నది, డేటాని చదునుగా టేబుళ్లలో పెట్టండి, దారి ప్రోగ్రాములో రాయకండి, ఏం కావాలో అడగండి చాలు, ఎలా వెతకాలో యంత్రం చూసుకుంటుంది అని. అలా అడిగే భాషని 1974లో అదే ఐబీఎంలో చాంబర్లిన్, బాయిస్ తయారుచేశారు. మొదటి పేరు సీక్వెల్. ఆ పేరు మీద ట్రేడ్‌మార్క్ చిక్కు రావడంతో ఎస్‌క్యూఎల్ అయింది. పెద్దాయనలు ఇంకా సీక్వెల్ అనే పలుకుతారు.

దాసు గారి డాక్యుమెంట్ పద్ధతి కూడా ఈ చెట్టుకి తమ్ముడే, అందుకే ఇంత చెప్పా.

డాక్యుమెంట్_దాసు
మోంగోలో ఇండెక్స్ (పుస్తకం వెనక సూచికలాంటిది) వేస్తే గుండిగ ప్రశ్నకీ జవాబొస్తుంది. మరీ 1960లతో కలిపేయకండి. కానీ సరే, ఈ కేసులో టేబుళ్లే నయం, ఒప్పుకుంటా. కేటలాగు లాంటిదైతే ఒప్పుకునేవాణ్ణి కాదు.

పాత_ఫాక్స్‌ప్రో
దాసు ఒప్పుకున్నాడు! ఈ తేదీ ఎవరైనా రాసి పెట్టుకోండి.

గోదారి_గట్టు
సింధూర గారూ, రెండు సందేహాలు. సామాన్ల టేబుల్లో రేటు ఉండగా బుకింగ్ సామాన్లలో మళ్లీ రేటు ఎందుకు? ఒకే సమాచారం రెండు చోట్ల ఉండకూడదనే కదా నార్మలైజేషన్? రెండోది, కస్టమర్ నంబరు అని కొత్తగా ఎందుకు, ఫోన్ నంబరే కీ చేసేస్తే పోదా?

సింధూర_రేఖ
ఒకటోది: అవి రెండు వేర్వేరు సమాచారాలు. సామాన్లలో ఉన్నది ఇవాళ్టి రేటు. బుకింగ్‌లో ఉన్నది ఆ రోజు సుబ్బారావు గారితో మాట్లాడుకున్న రేటు. పోయినేడు కుర్చీ 6 రూపాయలు, ఈ ఏడు 8 చేశారనుకోండి. రేటు ఒక్క సామాన్ల టేబుల్లోనే ఉంటే, పోయినేటి బిల్లులన్నీ రాత్రికి రాత్రి పెరిగిపోతాయి. బంధువులకి తగ్గించి ఇచ్చింది కూడా ఎక్కడా ఉండదు. విలువ ఒకేలా కనిపించినంత మాత్రాన ఒకే సమాచారం కాదు.

కానీ బుకింగ్ సామాన్లలో "కుర్చీ" అనే పేరు కూడా రాస్తే అది తప్పు. పేరు సామాను నంబరుని బట్టి ఉంటుంది, బుకింగ్‌తో దానికి పనిలేదు. కీలో సగం మీద ఆధారపడింది, రెండో నార్మల్ ఫారం తప్పింది. కస్టమర్ల టేబుల్లో ఊరితో పాటు మండలం కూడా రాస్తే, మండలం ఊరిని బట్టి వస్తుంది కాబట్టి మూడోది తప్పింది. విలియం కెంట్ అని ఒకాయన దీన్ని ఒక్క వాక్యంలో తేల్చేశాడు: ప్రతి కాలమూ కీ గురించే చెప్పాలి, మొత్తం కీ గురించి చెప్పాలి, కీ తప్ప మరోదాని గురించి చెప్పకూడదు.

పివట్_ప్రసాదం
రెండోదానికి నేను చెప్తా. ఫోన్ నంబరే కీ చెయ్యి. ఎవరికి వాళ్లకి ఒకటే ఉంటుంది.

డల్లాస్_బాబాయ్
ప్రసాద్, మా ఊళ్లో అమ్మా నాన్నా బాబాయ్ ముగ్గురికీ కలిపి ఒక్క ఫోనే ఉంది. మా బావకి ఒక్కడికీ మూడు సిమ్ములు. వాడకుండా వదిలేసిన నంబరు కొన్నాళ్లకి కంపెనీవాళ్లు ఇంకొకరికి ఇస్తారు. నీ డేటాబేస్‌లో సుబ్బారావు బాకీ ఎవరో ముక్కూమొహం తెలీనివాడి మీద పడుద్ది.

ఓరుగల్లు_పిల్ల
ఆధార్?

పాత_ఫాక్స్‌ప్రో
అమ్మాయ్, కుర్చీలు అద్దెకిచ్చేవాడికి ఎవరి ఆధారూ వద్దు. అవసరం లేనిది అడగనూ వద్దు, దాచనూ వద్దు. 1, 2, 3 అని నంబరు ఇచ్చుకుంటూ పోవడమే. దానికి అర్థం లేదు కాబట్టే మార్చాల్సిన పని రాదు.

పేరు, ఊరు కలిపి కీ అని ఎవరైనా అంటారేమో. కొత్తపల్లి అనే ఊళ్లు ఎన్నున్నాయో లెక్క తెలుసా? ఇంగ్లీషులో రాస్తే ఇంకా ఘోరం, ఎక్స్ పెట్టిన లక్ష్మి ఒకరు, కె ఎస్ హెచ్ పెట్టిన లక్ష్మి ఒకరు, ఇద్దరూ ఒకే ఆవిడ.

కాలమ్_ఏడు
నంబరు కీ పెట్టుకున్నా సగం పనే అయింది. ఒకే సుబ్బారావు గారిని మూడుసార్లు ఎక్కించకుండా అది ఆపదు, ముగ్గురికీ మూడు నంబర్లు హాయిగా ఇచ్చేస్తుంది. సామాన్ల టేబుల్లో పేరు మీద యూనిక్ షరతు (అదే పేరు రెండోసారి రానివ్వనిది) పెట్టు. కస్టమర్ల దగ్గర మాత్రం యూనిక్ పెట్టలేం. కొత్త పేరు ఎక్కించే ముందు ఆ ఫోనుతోనూ ఊరితోనూ ఉన్నవాళ్లని చూపించి "వీళ్లలో ఎవరైనా?" అని అడిగేలా ఫారం రాసుకో.

ఓరుగల్లు_పిల్ల
సామాను పేర్లకి కూడా అదే బాధ. మీ గుండిగని మా దిక్కు గంజు అంటం. గోదారి గారి షీట్లో పె.గుండిగ, పెద్ద గుండిగ, గుండిగ(పె) అని మూడు రకాలుగా ఉండి ఉంటుంది, పందెం.

గోదారి_గట్టు
చూశాను. నాలుగు రకాలు. నాలుగోది "గండిగ". నువ్వు గెలిచావ్.

సగం_చదివినోడు
ఫారిన్ కీ అంటే అమెరికా సంబంధం కదా? డల్లాస్ బాబాయ్ ఉన్నారుగా.

డల్లాస్_బాబాయ్
ఇక్కడికొచ్చి పదిహేనేళ్లు, ఇంకా ఆ జోకు చావలేదు.

ఫారిన్ కీ అంటే పూచీకత్తు. బుకింగుల్లో కస్టమర్ నంబరు 41 అని రాయాలంటే కస్టమర్లలో 41 ఉండి తీరాలి. లేకపోతే డేటాబేస్ రాయనివ్వదు. 41ని తీసేయబోయినా, వాడి పేరు మీద బుకింగులు ఉన్నాయంటూ అడ్డుపడుద్ది. నేను చేరిన మొదటి కంపెనీలో ఫారిన్ కీలు ప్రతి టేబుల్‌కీ శ్రద్ధగా రాసుకున్నాం. మైఎస్‌క్యూఎల్‌లో అప్పట్లో మామూలుగా వచ్చే మైఐసామ్ ఇంజిన్ (లోపల డేటాని దాచే భాగం) వాటిని చదివి, తల ఊపి, పక్కన పడేసేదని ఏడాది తర్వాత తెలిసింది. తల్లీతండ్రీ లేని వరుసలు వేలల్లో తేలాయి. 2010లో 5.5 వెర్షన్ నుంచి ఇన్నోడీబీ మామూలు ఇంజిన్ అయ్యాక ఆ బాధ తప్పింది.

గోదారి_గట్టు
సరే, ఇప్పుడైనా చెప్పండి, ఏ సాఫ్ట్‌వేర్? ఒక ల్యాప్‌టాప్, ఇద్దరం వాడతాం, నేనూ మా తమ్ముడూ.

సింధూర_రేఖ
ఎస్‌క్యూలైట్ చాలు. సర్వర్ ఉండదు, మొత్తం ఒక్క ఫైలు. మీ ఆండ్రాయిడ్ ఫోనులో ఇప్పటికే ఉంది. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, అందులో ఫారిన్ కీల తనిఖీ మామూలుగా ఆపేసి ఉంటుంది. కనెక్షన్ తెరిచిన ప్రతిసారీ ఆన్ చేయాలి. మామూలుగా కట్టిన టేబుల్లో అంకెల కాలమ్‌లో "పది" అని అక్షరాల్లో రాసినా ఊరుకుంటుంది, కాబట్టి అంకె కాకపోతే రానివ్వని చెక్ షరతులు మీరే పెట్టుకోవాలి.

కాలమ్_ఏడు
నేనైతే పోస్ట్‌గ్రెస్ అంటాను. జనరేటర్ ఒకటే ఉంది కదా. "ఒకే వస్తువుకి రెండు బుకింగుల తేదీలు ఒకదాని మీద ఒకటి పడకూడదు" అన్న షరతు అందులో టేబుల్‌కే పెట్టొచ్చు. ప్రోగ్రామ్ మర్చిపోయినా డేటాబేస్ మర్చిపోదు. నంబర్లు కొట్టించిన గుండిగలకీ అంతే. ఎన్ని అని లెక్కపెట్టే కుర్చీలకి మాత్రం అది పనికిరాదు.

పివట్_ప్రసాదం
ఇంత కష్టం ఎందుకో నాకింకా అర్థం కాలేదు. పది లక్షల వరుసలు పడతాయి ఎక్సెల్‌లో. మీకు నూరేళ్లు చాలు.

డల్లాస్_బాబాయ్
10,48,576 పడతాయి. పాత ఎక్స్‌ఎల్‌ఎస్ ఫైలులో 65,536. 2020లో బ్రిటన్‌లో కోవిడ్ కేసుల లెక్కలు ఆ పాత ఫార్మాట్లోకి పోస్తే, పట్టనివి చప్పుడు చెయ్యకుండా రాలిపోయాయి. దాదాపు 16,000 కేసులు. చప్పుడు చెయ్యకపోవడమే నాకు భయం.

పివట్_ప్రసాదం
అది ఎక్సెల్ తప్పు కాదు, వాడినవాళ్ల తప్పు. నేను కదలను.

గోదారి_గట్టు
ఎస్‌క్యూలైట్‌లో టేబుళ్లు కట్టేశా. పాత షీటు ఎక్కించడానికి మూడు రాత్రులు పట్టింది, గండిగలన్నీ గుండిగలు చేస్తూ.

ఇప్పుడు అసలు ప్రశ్న. కొత్తగా ఒకరు 4వ తేదీ నుంచి 6 దాకా 250 కుర్చీలు అడుగుతున్నారు. ఉన్నాయో లేవో ఎలా అడగాలి?

పాత_ఫాక్స్‌ప్రో
పాత బుకింగ్ మొదలు తేదీ కొత్తదాని ముగింపు కంటే ముందో అదే రోజో ఉండాలి, పాతదాని ముగింపు కొత్తదాని మొదలు తర్వాతో అదే రోజో ఉండాలి. ఈ రెండూ కలిసినవన్నీ ఆ రోజుల మీద పడేవే. వాటి కుర్చీలు కూడి 500లోంచి తీసెయ్.

కాలమ్_ఏడు
అన్నా, షరతు కరెక్టు, కూడిక కొంప ముంచుద్ది. చూడండి. ఒక బుకింగ్ 3, 4 తేదీలు, 200 కుర్చీలు. ఇంకోటి 6, 7 తేదీలు, 200. కొత్తది 4 నుంచి 6. రెండూ దాని మీద పడ్డాయి, కూడితే 400, మిగిలేవి 100. 250 లేవని బేరం వదులుకుంటాడు. కానీ 4న బయట ఉన్నవి 200. 5న అసలు ఏమీ లేవు. 6న మళ్లీ 200. ఏ రోజు చూసినా 300 ఖాళీ. బంగారంలాంటి బేరం.

పాత_ఫాక్స్‌ప్రో
నిజమే. ముప్పై ఏళ్ల అనుభవం గోదాట్లో కలిసింది. అయితే ఎలా?

కాలమ్_ఏడు
తేదీల టేబుల్ ఒకటి పెట్టాలి, రోజుకో వరుస. ఏడాదికి 365, ఇంకేమీ ఉండదు అందులో. దాన్ని బుకింగులతో జాయిన్ చేస్తే, అంటే తేదీలు కలిసే వరుసల్ని జత కడితే, ఏ రోజుకి ఆ రోజు ఎన్ని బయట ఉన్నాయో వస్తుంది. అందులో ఎక్కువ ఉన్న రోజు చూసుకోవాలి. ఆ లెక్కని మాత్రం ఎక్కడా దాచుకోకు, అడిగినప్పుడల్లా బుకింగుల్లోంచి తీయించు. దాచావంటే బుకింగ్ రద్దయిన రోజు అది మార్చడం మర్చిపోతావు.

సింధూర_రేఖ
ఇంకో గొయ్యి. మీరూ తమ్ముడూ ఆ ల్యాప్‌టాప్‌లోనే చెరో విండో తెరిచి ఒకేసారి రెండు ఫోన్ కాల్స్‌లో ఉన్నారు. ఇద్దరూ చూశారు, 300 ఉన్నాయి. ఇద్దరూ 250 చొప్పున రాసేశారు. మాఘమాసం మళ్లీ మొదటికి. అందుకని లెక్క చూడటం, బుకింగ్ రాయడం, సామాన్లు రాయడం అన్నీ ఒకే ట్రాన్సాక్షన్‌లో, రాసే తాళం ముందే పట్టుకుని చేయాలి. ఎస్‌క్యూలైట్ ఒక సమయంలో ఒక్కరినే రాయనిస్తుంది కాబట్టి రెండోవాళ్లు ఆగి, తాజా లెక్క చూస్తారు. మధ్యలో కరెంటు పోతే సగం బుకింగ్ మిగలదు, ఉంటే మొత్తం ఉంటుంది, లేకపోతే ఏమీ ఉండదు.

ఓరుగల్లు_పిల్ల
ఏసిడ్ ప్రాపర్టీస్‌కి (ట్రాన్సాక్షన్‌ని నమ్మాలంటే దానికి ఉండాల్సిన గుణాలు) నాకు పట్టిన ఉదాహరణ ఇదొక్కటే. లెక్చరర్ ఎప్పుడూ బ్యాంకులో ఎ నుంచి బి కి వంద రూపాయలే పంపిస్తాడు.

గోదారి_గట్టు
పని చేస్తోంది! 250 ఇచ్చాం. కానీ ఇంకో వింత. బుకింగుల్లో నిజంగా వచ్చిన తేదీకి ఇంకో కాలమ్ కలిపా. "12వ తేదీన తిరిగిరాని బుకింగులు చూపించు" అని వచ్చిన తేదీ 12 కాకూడదు అని పెట్టా. ఇంకా అసలు తిరిగిరానివి ఒక్కటీ రాలేదు. అవే కదా నాకు కావాల్సింది!

సింధూర_రేఖ
నల్ గారికి స్వాగతం. తిరిగిరానివాటికి వచ్చిన తేదీ గడి ఖాళీ. నల్ అంటే సున్నా కాదు, ఖాళీ అక్షరమూ కాదు, "తెలీదు". తెలీనిది 12 కాదా అంటే జవాబు అవునూ కాదు, కాదూ కాదు, "తెలీదు". అవును అన్నవే జాబితాలోకి వస్తాయి. ఖాళీగా ఉన్నవి కావాలంటే "నల్ అయినవి" అని పేరుపెట్టి అడగాలి.

సగం_చదివినోడు
అబ్బాయి నచ్చాడా అంటే అమ్మాయి మౌనం. మా పెద్దమ్మ దాన్ని అవును కింద రాసుకుంటుంది. డేటాబేస్ రాసుకోదు. డేటాబేసే మంచిది.

సింధూర_రేఖ
ఈ దారంలో మీరు చెప్పిన మొదటి పనికొచ్చే మాట. రేపట్నుంచి ట్రైనింగుల్లో వాడుకుంటా.

డల్లాస్_బాబాయ్
పేర్లు తెలుగులో ఎక్కిస్తున్నావా? గడి పొడవు బైట్లలో కొలిచే చోట జాగ్రత్త. శ్రీనివాసరావు అంటే కంటికి ఆరక్షరాలు. యూనికోడ్‌లో (కంప్యూటర్ అక్షరాలకి ఇచ్చే నంబర్ల పట్టిక) 13 ముక్కలు, శ్రీ ఒక్కటే నాలుగు. వాటిని దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో ముక్కకి 3 బైట్లు, మొత్తం 39. ఒక ప్రాజెక్టులో మా ప్రోగ్రాము పేరుని 30 బైట్లకి కత్తిరించేది. రసీదుల మీద శ్రీనివాసరావులందరూ "శ్రీనివాసర" అయిపోయారు. నెల రోజులు ఎవరూ చెప్పలేదు, అందరూ ప్రింటర్ అనుకున్నారు.

గోదారి_గట్టు
మూడు వారాల తర్వాత మళ్లీ వచ్చా. నోటుబుక్కూ డేటాబేసూ పక్కపక్కన నడుపుతున్నాం. అన్నీ కలిశాయి, ఒక్క బుకింగ్ తప్ప. నాన్న పుస్తకంలో ఆదివారం, డేటాబేస్‌లో సోమవారం. ఎక్కించింది తమ్ముడు, శుభలేఖ చూసి ఎక్కించానని ఒట్టేస్తున్నాడు.

శుభలేఖ తెప్పించి చూశాను. "ఆదివారం రాత్రి గం. 2.40 ని.లకు (తెల్లవారితే సోమవారం)".

ఓరుగల్లు_పిల్ల
అయ్యో దేవుడా. ఇద్దరూ కరెక్టే.

కాలమ్_ఏడు
దీనికి పోస్ట్‌గ్రెస్‌లో కూడా షరతు లేదు. కంప్యూటర్‌కి రోజు అర్ధరాత్రి మారుతుంది, మీ నాన్నగారికి సూర్యోదయానికి.

పాత_ఫాక్స్‌ప్రో
తమ్ముడూ, ముహూర్తంతో నీ గోడౌన్‌కి పని లేదు. సామాను ఎప్పుడు గుమ్మం దాటింది, ఎప్పుడు తిరిగొచ్చింది, ఆ రెండూ తేదీ, గంటతో సహా పెట్టు. ముహూర్తం శుభలేఖలో ఉన్నది ఉన్నట్టు మాటల్లో రాసుకో, దాని మీద ఏ లెక్కా కట్టకు. ఆదివారం సాయంత్రం వెళ్లాయి, సోమవారం మధ్యాహ్నం వచ్చాయి. తగాదా లేదు.

గోదారి_గట్టు
మార్చేశా అన్నా. నాన్నకి చూపించాను. అరగంట చూసి, "వచ్చే నెల మూఢం, బేరాలుండవు, ఈలోపు గరిటెలు లెక్కపెట్టు" అన్నారు.

లెక్కపెట్టాను. డేటాబేస్ ప్రకారం 120 ఉండాలి. కొట్లో 83 ఉన్నాయి.

పివట్_ప్రసాదం
ఎక్సెల్‌లో ఉన్నప్పుడు ఒక్కటీ పోలేదు చూశావా.

సగం_చదివినోడు
మా ఇంట్లో రెండు పెద్ద గరిటెలున్నాయి, ఎక్కడివో ఎవరికీ గుర్తులేదు. పిడి మీద ఏదో అక్షరం కొట్టి ఉంది, అరిగిపోయింది. మీ ఇంటిపేరు దేంతో మొదలవుతుంది?